పోయిన 8 ప్యాలెట్లు ఎక్కడ? ప్రీకాస్ట్ ఇళ్ల ప్యానెళ్ల ఫ్యాక్టరీకి సిమ్యులేషన్ మోడల్ కట్టే పద్ధతి

ఎక్సెల్ షీట్‌లో లెక్క తేలికగానే తేలుతుంది. గోడ ప్యానెళ్లను ప్యాలెట్ల మీద, అంటే కదిలే ఉక్కు బల్లల మీద, పోసే లైన్‌లో 8 స్టేషన్లు, ఒక్కోదానికి సగటున 18 నిమిషాలు, షిఫ్టు 10 గంటలు. 600ని 18తో భాగిస్తే రోజుకు 33 ప్యాలెట్లు రావాలి. సాయంత్రం లెక్కపెడితే 25 ఉంటాయి. మిగతా 8 ఏమయ్యాయని అడిగితే ఫ్లోర్ మీద మూడు జవాబులు వినిపిస్తాయి: మనుషులు నెమ్మది, క్రేన్ చాలడం లేదు, కాంక్రీట్ టైముకి రావడం లేదు. మూడింట్లోనూ ఎంతోకొంత నిజం ఉండొచ్చు. కానీ ఏ తప్పూ జరగకపోయినా ఆ 8 పోతాయి.

ఎలాగంటే, ప్యాలెట్లన్నీ ఒకేసారి ముందుకు జరిగే లైన్ ఇది. ఆ విడతలో ఎవరికి ఎక్కువసేపు పడితే వాళ్ల కోసం మిగతా ఏడు స్టేషన్లూ ఆగాలి. ఒక్కో స్టేషన్‌కు సగటు 18 నిమిషాలు, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ హెచ్చుతగ్గుల కొలత) 4 నిమిషాలు అనుకుందాం. ఎనిమిది స్టేషన్లలో ప్రతిసారీ ఆఖరున ముగిసేదాని సమయం సగటున 18 + 1.42 × 4 (ఎనిమిదింట్లో గరిష్ఠానికి గణాంక లెక్క ఇచ్చే గుణకం 1.42), అంటే 23.7 నిమిషాలు అవుతుంది. 600ని 23.7తో భాగిస్తే వచ్చేది 25. లైన్ నడిచేది సగటు మీద కాదు, ప్రతి విడతలో వెనకబడినవాడి మీద.

ఇప్పుడు ఇదే లెక్కలో రెండు మార్పులు చేసి చూడండి. ప్రతి స్టేషన్‌నూ ఒక నిమిషం వేగంగా చేస్తే రోజుకు 26 వస్తాయి. వేగం అలాగే ఉంచి, హెచ్చుతగ్గులను మాత్రం సగానికి, అంటే 4 నిమిషాల నుంచి 2కి తగ్గిస్తే 28 దాటుతుంది. కొత్త మెషిన్ కొనే ముందు సిమ్యులేషన్ చేసి, అంటే ఫ్యాక్టరీని కంప్యూటర్‌లో నడిపి చూడమనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇంత లెక్క కాగితం మీదే తేలిపోయిందే అనిపించవచ్చు. కానీ అసలు ఫ్యాక్టరీలో రెండు స్టేషన్లకు ఒకే ఎలక్ట్రీషియన్ ఉంటాడు, మూడు పనులకు ఒకే క్రేన్ ఉంటుంది, పోసిన కాంక్రీట్‌ను బలపడనిచ్చే క్యూరింగ్ ఛాంబర్‌లో అరలు పరిమితం, మధ్యాహ్నం భోజన విరామం ఉంటుంది. ఇవన్నీ కలిసేసరికి సూత్రాలు చేతులెత్తేస్తాయి. అక్కడ పనికొచ్చేది డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్. ఇందులో గడియారం నిమిషాలు లెక్కపెడుతూ నడవదు. ప్యాలెట్ వచ్చింది, పని మొదలైంది, క్రేన్ ఖాళీ అయింది అంటూ ఒక సంఘటన నుంచి తర్వాతి సంఘటనకు దూకుతుంది. అందుకే ఆరు నెలల ఉత్పత్తి మామూలు ల్యాప్‌టాప్ మీద కొద్దిసేపట్లో నడిచిపోతుంది. నిర్మాణ రంగానికి ఇదేమీ కొత్త కాదు. 1970లలోనే డేనియల్ హాల్పిన్ ‘సైక్లోన్’ అనే పద్ధతితో నిర్మాణ పనుల వలయాలను ఇలా నడిపి చూపించారు.

మొదట ప్రశ్న, తర్వాత మోడల్

‘ఫ్యాక్టరీ మొత్తాన్ని మోడల్ చేద్దాం’ అని మొదలుపెట్టిన పని సాధారణంగా మధ్యలోనే ఆగిపోతుంది. ఒక వాక్యంలో రాయగలిగే ప్రశ్న కావాలి. ‘రోజుకు 25 నుంచి 30 ప్యాలెట్లకు చేరాలంటే షట్టరింగ్‌కు (ప్యానెల్ అంచుల అచ్చు బిగించే పనికి) మరో జట్టు కావాలా, స్టేషన్ల మధ్య ప్యాలెట్ ఆగే ఖాళీ స్థలం కావాలా, పోసే వరుస మారిస్తే చాలా?’ ఇలా రాస్తే ఏం కొలవాలో, ఏం వదిలేయొచ్చో దానంతట అదే తేలుతుంది. ఈ ప్రశ్నకు తయారైన ప్యానెళ్లు ఉంచే స్టాక్‌యార్డ్‌లో ట్రైలర్ల రాకపోకలు అక్కర్లేదు, క్రేన్ మాత్రం తప్పదు. సైట్‌కు సరుకు ఆలస్యమవుతోందన్నది ప్రశ్న అయితే లెక్క తిరగబడుతుంది, అప్పుడు యార్డే ముఖ్యం.

ప్రశ్నతో పాటే కొలమానం కూడా రాసుకోండి. రోజుకు ప్యాలెట్లు అన్నది ఒక్కటే పెట్టుకుంటే మోసపోతారు, ఎందుకంటే చిన్న ప్యానెళ్లు పోసిన రోజు అంకె బాగుంటుంది. చదరపు మీటర్లు, షిఫ్టు దాటి చేసిన పని గంటలు, ఛాంబర్ నిండిన శాతం, ఒక్కో ప్యాలెట్ చుట్టు తిరిగి రావడానికి పట్టిన సమయం, ఈ నాలుగూ కలిపి చూడాలి.

లైన్‌ను కాగితం మీద గీయడం

ప్యాలెట్ లైన్‌లో పని వరుస దాదాపు అన్నిచోట్లా ఒకటే: ప్యాలెట్ శుభ్రం చేయడం, అచ్చు నూనె పూయడం, కొలతల మార్కింగ్, మాగ్నెట్లతో షట్టరింగ్, ఇనుప మెష్, రాడ్లు పెట్టడం, కరెంటు పైపులు, బాక్సులు, లిఫ్టింగ్ యాంకర్లు అమర్చడం, తనిఖీ, కాంక్రీట్ పోసి వైబ్రేషన్ ఇవ్వడం, కాస్త గట్టిపడే దాకా ఆగడం, ట్రోవెల్‌తో పైభాగం నునుపు చేయడం, క్యూరింగ్ ఛాంబర్, షట్టర్లు విప్పడం, టిల్టింగ్ టేబుల్ మీద లేపి క్రేన్‌తో తీయడం. ఖాళీ ప్యాలెట్ మళ్లీ మొదటికి వస్తుంది.

ఈ వరుసలో ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి. అక్కడ ఎంతమంది, ఏ పరికరం కావాలి? పని ముగిశాక తర్వాతి చోటు ఖాళీగా లేకపోతే ప్యాలెట్ ఎక్కడ నిలుస్తుంది? ఈ పని మధ్యలో ఆపొచ్చా? మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. మెష్ కట్టడం సగంలో ఆపి భోజనానికి వెళ్లొచ్చు. కాంక్రీట్ పోయడం అలా కుదరదు. కాబట్టి మోడల్‌లో విరామానికి ముందు ‘ఈ ప్యానెల్ పోయడం పూర్తయ్యేంత టైముందా’ అని చూసే నిబంధన పెట్టాలి. అది లేకపోతే మోడల్ నిజం కన్నా ఎక్కువ ప్యాలెట్లు చూపిస్తుంది.

గట్టిపడే దాకా ఆగే సమయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దీనికి మనుషులు అక్కర్లేదు, చోటు మాత్రం కావాలి. ముందే ట్రోవెల్ పెడితే నీళ్లు పైకి తేలి పొర ఊడుతుంది, ఆలస్యమైతే ట్రోవెల్ కదలదు. మిశ్రమాన్ని, ఉష్ణోగ్రతను బట్టి ఇది రెండు మూడు గంటలు కావచ్చు. కాబట్టి ఆఖరి ప్యానెల్ సాయంత్రం 6కి పోస్తే ఫినిషింగ్ జట్టు రాత్రి ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ ఇంకా అక్కడే ఉంటుంది. పొద్దున్న మాత్రం వాళ్లకు అంతే సేపు పని ఉండదు. ఫినిషింగ్ జట్టును మిగతావాళ్ల కన్నా రెండున్నర గంటలు ఆలస్యంగా రప్పిస్తే ఓవర్‌టైమ్ చాలావరకు పోతుంది. మోడల్‌లో జట్ల షిఫ్టు వేళలు వేర్వేరుగా పెట్టగలిగితేనే ఇది బయటపడుతుంది. అందరికీ ఒకే క్యాలెండర్ పెట్టిన మోడల్‌కు ఈ సంగతి కనిపించనే కనిపించదు.

సమయాలు కొలవడం: అసలు కష్టం ఇక్కడే

స్టాప్‌వాచ్ పట్టుకుని స్టేషన్ దగ్గర నిలబడితే దొరికే అంకెలో రెండు కలిసి ఉంటాయి: చేతులు పనిచేసిన సమయం, దేనికోసమో ఎదురుచూసిన సమయం. రెండూ కలిపి మోడల్‌లో పెడితే ఎదురుచూపు రెండుసార్లు లెక్కకు వస్తుంది, ఎందుకంటే క్రేన్ కోసం ఆగడాన్ని మోడల్ తనంతట తానే పుట్టిస్తుంది. సిమ్యులేషన్ తప్పు చెప్పిందని వచ్చే ఫిర్యాదులకు తరచూ మూలం ఇదే. కాబట్టి ప్రతి ప్యాలెట్‌కూ నాలుగు వేళలు రాయాలి: ప్యాలెట్ వచ్చిన వేళ, పని మొదలైన వేళ, పని ముగిసిన వేళ, ప్యాలెట్ కదిలిన వేళ. మధ్యలో ఆగితే ఎంతసేపు, ఎందుకు అన్నది పక్కన. మోడల్‌లోకి వెళ్లేది మొదలు నుంచి ముగింపు దాకా ఉన్న సమయంలో ఆగిన నిమిషాలు తీసేయగా మిగిలింది మాత్రమే. తీసేసినవాటిని పారేయకండి, తర్వాత మోడల్‌ను సరిచూడటానికి అవే కావాలి.

ఎన్నిసార్లు కొలవాలి? ప్రామాణిక విచలనం సగటులో 25 శాతం ఉన్న పనికి, సగటు 10 శాతం తేడాలోపు 95 శాతం నమ్మకంతో తెలియాలంటే 24 కొలతలు చాలు. 5 శాతం తేడాలోపు కావాలంటే 96 కావాలి. అన్ని స్టేషన్లకూ 96 అనవసరం. ముందు 24 చొప్పున కొలిచి, మోడల్ నడిపి, ఏ స్టేషన్ ఫలితాన్ని లాగుతోందో చూసి, అక్కడ మాత్రం మళ్లీ కొలవండి. పొద్దుటి షిఫ్టులోనే, బాగా పనిచేసే జట్టునే కొలిస్తే అంకెలు అందంగా వస్తాయి గానీ లైన్ అలా నడవదు.

ఒకే స్టేషన్‌లో సమయాలు 14 నుంచి 30 నిమిషాల దాకా చెల్లాచెదురుగా వస్తే అది అంతా అదృష్టం, దురదృష్టం కాదు. చాలావరకు ప్యానెల్ స్వభావమే. షట్టరింగ్‌ను తీసుకోండి. సమయాన్ని ఇలా విడదీయవచ్చు: ఏ ప్యానెల్‌కైనా పట్టే 5 నిమిషాలు, చుట్టుకొలత మీటరుకు 0.4 నిమిషం, ప్రతి కిటికీ లేదా తలుపు ఖాళీకి 5 నిమిషాలు, ప్రతి కరెంటు బాక్సుకు 1 నిమిషం. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గోడకు చుట్టుకొలత 18 మీటర్లు. కిటికీలు లేకుండా 4 బాక్సులుంటే 5 + 7.2 + 4, మొత్తం 16.2 నిమిషాలు. అదే గోడకు 2 కిటికీలు, 6 బాక్సులుంటే 5 + 7.2 + 10 + 6, మొత్తం 28.2 నిమిషాలు. ఈ అంకెలు పద్ధతి చూపించడానికే, మీ ఫ్లోర్ మీద కొలిచినవాటితో మార్చుకోండి. ఎక్సెల్‌లో రిగ్రెషన్ (కొలతల నుంచి ఇలాంటి అంకెలను రాబట్టే లెక్క) పెడితే ఒక పూట పని. ఇలా చేశాక మిగిలే చెదురు తక్కువగా ఉంటుంది, దాన్ని మాత్రమే యాదృచ్ఛికంగా వదలాలి. చేతిపనికి ఆలస్యం వైపు తోక పొడవుగా సాగే లాగ్‌నార్మల్ పంపిణీ బాగా అతుకుతుంది, ఎందుకంటే పని మరీ తొందరగా ముగియడానికి హద్దుంటుంది గానీ ఆలస్యానికి ఉండదు. కొలతలే లేని చోట ఫోర్‌మన్‌ను అడిగి కనిష్ఠం, మామూలు, గరిష్ఠం తీసుకుని త్రికోణ పంపిణీ పెట్టొచ్చు. ఫోర్‌మన్ చెప్పే గరిష్ఠం నిజానికి గరిష్ఠం కాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

కాంక్రీట్ సరఫరాకు విడిగా లెక్క కావాలి. పైన చెప్పిన గోడ 150 మిల్లీమీటర్ల మందమైతే 2.7 ఘనపు మీటర్లు. మిక్సర్ ఒక్కోసారికి 1 ఘనపు మీటరు ఇస్తే మూడు విడతలు. కలపడం, బకెట్‌లోకి వదలడం, బకెట్ వెళ్లి రావడం కలిపి విడతకు 4 నిమిషాలైతే ఆ గోడకు కాంక్రీట్ అందడానికే 12 నిమిషాలు. ఒకే మిక్సర్ మెట్ల అచ్చులకూ ఇవ్వాల్సి వస్తే ఆ రెండు పనులూ గుద్దుకునే వేళలు మోడల్‌లో స్పష్టంగా కనిపిస్తాయి.

మెషిన్ల బ్రేక్‌డౌన్‌లను ‘90 శాతం అందుబాటు’ అని ఒక్క అంకెతో పెట్టకండి. ప్రతి గంటలో 6 నిమిషాలు ఆగినా 90 శాతమే, 10 పనిరోజులకు ఒక రోజంతా ఆగినా 90 శాతమే. మొదటిదాన్ని మధ్యలో ఒక ఖాళీ చోటు మింగేస్తుంది, రెండోది ఆ రోజు సైట్ షెడ్యూల్‌నే మింగేస్తుంది. మెయింటెనెన్స్ రిజిస్టర్ నుంచి రెండు ఆగుడుల మధ్య నడిచిన గంటలు, బాగుచేయడానికి పట్టిన గంటలు విడివిడిగా తీయాలి. నడిచిన గంటలు అన్నది గమనించండి, క్యాలెండర్ గంటలు కావు. ఆపేసిన మెషిన్ చెడిపోదు.

క్యూరింగ్ ఛాంబర్, ప్యాలెట్ల సంఖ్య

1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇక్కడ చేతిలో దీపంలా పనికొస్తుంది: వ్యవస్థలో ఉన్న వస్తువుల సంఖ్య, అవి వచ్చే రేటుకూ ఒక్కోటి గడిపే సమయానికీ లబ్ధం. రాత్రింబవళ్లూ నడిచే లైన్‌లో గంటకు 3 ప్యాలెట్లు కావాలనుకోండి. 8 స్టేషన్లలో 20 నిమిషాల చొప్పున 2 గంటల 40 నిమిషాలు, గట్టిపడటానికి 2 గంటలు, ఛాంబర్‌లో 9 గంటలు, మొత్తం 13 గంటల 40 నిమిషాలు. దాన్ని 3తో గుణిస్తే 41 ప్యాలెట్లు. 35 మాత్రమే ఉంటే మొదటి స్టేషన్ ఊరికే నిలబడుతుంది. 60 కొన్నా ఉత్పత్తి పెరగదు, వరుసలు పెరుగుతాయి. మోడల్ ఇచ్చే అంకె దీనికి దగ్గరగా లేకపోతే ముందు మోడల్‌నే అనుమానించాలి.

ఒకే షిఫ్టు నడిచే ఫ్యాక్టరీలో కథ వేరు. రోజుకు 30 ప్యాలెట్లు పోసి, ఛాంబర్‌లో 30 అరలు ఉంటే, ఈరోజు ఈ వేళకు లోపలికి వెళ్లిన ప్యాలెట్ రేపు దాదాపు ఇదే వేళకు బయటికొస్తుంది. కాంక్రీట్‌కు 24 గంటలు దొరుకుతున్నాయి. అలాంటి చోట ఆవిరి పెట్టి క్యూరింగ్‌ను 10 గంటల నుంచి 8కి తగ్గిస్తే ఉత్పత్తికి ఒరిగేది సున్నా, ఇంధనం మాత్రం కాలుతుంది. రెండో షిఫ్టు మొదలుపెట్టిన రోజు నుంచి ఆ రెండు గంటలకూ విలువ వస్తుంది.

మోడల్‌లో క్యూరింగ్‌ను స్థిరమైన గంటలుగా పెట్టడం కన్నా మెచ్యూరిటీతో, అంటే వేడినీ సమయాన్నీ కలిపి లెక్కించే కొలతతో, కట్టడం మంచిది. నర్స్-సాల్ పద్ధతిలో ఉష్ణోగ్రతకు 10 కలిపి గంటలతో గుణిస్తారు. 50 డిగ్రీల దగ్గర 8 గంటలు ఉంచితే 480 డిగ్రీ-గంటలు, 25 డిగ్రీల దగ్గర 14 గంటలు ఉంచితే 490. రెండూ దాదాపు సమానం. చలికాలం, ఎండాకాలం ఛాంబర్ సామర్థ్యం ఎందుకు మారుతుందో దీంతో తెలిసిపోతుంది. ఇది మోటు అంచనా, వేడి పెరిగేకొద్దీ లెక్క తప్పుతుంది. క్యూబ్ పరీక్షలతో (కాంక్రీట్ దిమ్మెలను నలగ్గొట్టి బలం చూసే పరీక్షలు) సరిచూసుకోకుండా దీన్ని నమ్మి ప్యానెల్ లేపకూడదు. లేపడానికి కావలసిన బలం డిజైన్ ఇంజనీర్ ఇచ్చినదే, చాలా ప్యానెళ్లకు అది 15 ఎంపీఏ (మెగాపాస్కల్) చుట్టుపక్కల ఉంటుంది. మోడల్‌లో ‘క్యూరింగ్ 6 గంటలు చేస్తే?’ అని అడగడం తేలిక. కానీ కాంక్రీట్ లోపలి ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటితే ఆలస్యపు ఎట్రింజైట్ (గట్టిపడ్డ కాంక్రీట్ లోపల ఉబ్బే స్ఫటికం) ఏర్పడి, నెలలు, ఏళ్లు గడిచాక పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. ఆ హద్దును మోడల్‌లోనే కట్టేయండి.

కట్టడం, సరిచూడటం

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. అరీనా, ఎనీలాజిక్, ఫ్లెక్స్‌సిమ్, సిమియో, ప్లాంట్ సిమ్యులేషన్, వీటిలో ఏదైనా ఈ పనికి సరిపోతుంది. డబ్బు పెట్టకూడదనుకుంటే జామ్‌సిమ్ ఉంది. పైథాన్ వచ్చినవాళ్లకు సిమ్‌పై ఉంది, కాకపోతే అందులో కదిలే బొమ్మ ఉండదు. బొమ్మ ముచ్చట కోసమే అని కొట్టిపారేయకండి. ఫోర్‌మన్ తెర ముందు కూర్చుని ‘క్రేన్ అలా వెళ్లదు, ముందు టిల్టింగ్ టేబుల్ దగ్గరికే వెళ్తుంది’ అని చెప్పేది ఆ బొమ్మ చూసే.

కట్టడం ఇలా మొదలుపెట్టండి. మొదటి రోజు అన్ని సమయాలూ స్థిరంగా, బ్రేక్‌డౌన్‌లు లేకుండా, ప్రతి స్టేషన్‌కు 18 నిమిషాలు పెట్టి నడపండి. లైన్ నిండిన తర్వాత 10 గంటలకు 33 రావాలి. రాకపోతే తర్కంలో తప్పుంది. తర్వాత హెచ్చుతగ్గులు కలపండి, 25 దగ్గరికి పడిపోవాలి. ఆ తర్వాత క్రేన్, ఆ తర్వాత ఛాంబర్, ఆ తర్వాత షిఫ్టులు. ఒక్కోటి కలిపినప్పుడల్లా అంకె ఎంత కదిలిందో రాసుకోండి. ‘పోయిన 8’ ఎక్కడ పోయాయో చెప్పే పట్టిక అదే, మేనేజ్‌మెంట్‌కు చూపించాల్సింది కూడా అదే.

మోడల్ ఖాళీ ఫ్యాక్టరీతో మొదలవుతుంది, నిజమైన ఫ్యాక్టరీ ఏ పొద్దునా ఖాళీగా ఉండదు. నిన్నటి ప్యానెళ్లు ఛాంబర్‌లో ఉంటాయి. కాబట్టి ఒక్క రోజు చొప్పున వందసార్లు నడపడం తప్పు. కొన్ని వారాలు ఏకబిగిన నడిపి, ఛాంబర్ ఎంత నిండిందో గ్రాఫ్ గీసి, అది నిలకడకు వచ్చేదాకా ఉన్న మొదటి రోజులను లెక్కలోంచి తీసేయాలి.

ఒక్కసారి నడిపి వచ్చిన అంకెను ఎవరికీ చెప్పొద్దు. 10 సార్లు నడిపితే సగటు 25.3, ప్రామాణిక విచలనం 1.2 వచ్చిందనుకోండి. 95 శాతం నమ్మకంతో తేడా ప్లస్ ఆర్ మైనస్ 0.86. రెండు ప్రత్యామ్నాయాల మధ్య తేడా అర ప్యాలెట్ అయితే ఈ పదిసార్లతో ఏదీ తేలదు, తేడాను 0.5కి దించాలంటే దాదాపు 30 సార్లు నడపాలి. పోల్చేటప్పుడు రెండు ప్రత్యామ్నాయాలకూ ఒకే యాదృచ్ఛిక సంఖ్యల వరుస ఇవ్వండి. అప్పుడు రెండింటికీ అవే ప్యానెళ్లు, అవే బ్రేక్‌డౌన్‌లు ఎదురవుతాయి, తేడా మీ మార్పు వల్ల వచ్చిందే అవుతుంది.

సరిచూడటానికి గత రెండు వారాల్లో నిజంగా పోసిన ప్యానెళ్ల జాబితానే అదే వరుసలో మోడల్‌కు ఇవ్వండి. రోజువారీ ప్యాలెట్లు 5 శాతం లోపు కలిస్తే సంతోషమే, కానీ అక్కడితో ఆగొద్దు. ఇందాక పారేయొద్దన్న ఎదురుచూపు నిమిషాలను ఇప్పుడు తీయండి. షట్టరింగ్ దగ్గర ఫ్లోర్ మీద రోజుకు 50 నిమిషాలు ఆగుతుంటే మోడల్‌లో 5 నిమిషాలే ఆగుతోందంటే, మొత్తం కలిసినా లోపల రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుతున్నట్టే.

ప్రయోగాలు: ముందు ఖర్చులేనివి

పోసే వరుసతో మొదలుపెట్టండి, దానికి పైసా అక్కర్లేదు. 32 ప్యానెళ్లలో 8 బరువు పనివి, ఏ స్టేషన్‌లోనైనా 25 నిమిషాలు పట్టేవి. మిగతా 24 తేలికవి, 16 నిమిషాలవి. న్యాయంగా ఉంటుందని ప్రతి మూడు తేలికవాటి తర్వాత ఒక బరువుది పెట్టారనుకోండి. 8 స్టేషన్ల లైన్‌లో ఏ క్షణంలో చూసినా రెండు బరువు ప్యానెళ్లు ఎక్కడో ఒకచోట ఉంటాయి. అందువల్ల ప్రతి అడుగూ, అంటే ప్యాలెట్లన్నీ ఒకసారి ముందుకు జరగడానికి పట్టే విడత, 25 నిమిషాలే, 32 ప్యానెళ్లకు 800 నిమిషాలు. ఆ 8నీ వరుసగా ఒకేచోట పెడితే, లైన్‌లో బరువు ప్యానెల్ ఉండే అడుగులు 15కి తగ్గుతాయి. మిగతా 17 అడుగులు 16 నిమిషాలవే. మొత్తం 647 నిమిషాలు. అవే మనుషులు, అవే మెషిన్లు, రెండున్నర గంటలు మిగిలాయి.

అయితే ఇది ప్యాలెట్లన్నీ కలిసి కదిలే లైన్‌కే వర్తిస్తుంది. స్టేషన్ల మధ్య ఖాళీ చోట్లుండి, ప్యాలెట్లు విడివిడిగా కదిలే లైన్‌లో కలిపి పోయడమే మేలు కావచ్చు, బరువు ప్యానెల్ తర్వాత తేలికవి వస్తే వెనకబడిన స్టేషన్ కోలుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. సైట్‌లో గోడలు నిలబెట్టే వరుస వేరు. కిటికీ గోడలన్నీ సోమవారం పోసేస్తే అవి యార్డ్‌లో పడి ఉంటాయి, మంగళవారం కావలసిన స్లాబు వాటి వెనక చిక్కుకుంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన స్లాబుల్లో అడుగున ఉన్నదాన్ని తీయాలంటే పైవన్నీ దించాలి. కాబట్టి గుంపు ఎంత పెద్దదిగా ఉండొచ్చో మోడల్‌లో మార్చి చూస్తూ, యార్డ్‌లో ప్యానెల్ సగటున ఎన్ని రోజులు ఉంటోందో పక్కనే చూడండి.

రెండో ప్రయోగం ఖాళీ చోటు. అన్నిటికన్నా ఆలస్యమయ్యే స్టేషన్‌కు ముందొకటి, వెనకొకటి ప్యాలెట్ చోటు ఇచ్చి నడపండి. మొదటి చోటు ఇచ్చే లాభం పెద్దది, రెండోది అంతకన్నా తక్కువ, నాలుగోదానికి వచ్చేసరికి కనిపించదు. స్థలం దొరకకపోతే ఒక సంచారి పనివాడిని పెట్టి, ఎవరు వెనకబడితే వాళ్ల దగ్గరికి వెళ్లే నిబంధన ఇచ్చి చూడండి. హెచ్చుతగ్గులను తగ్గించే చవకైన మార్గాల్లో అదొకటి. కిటికీ ఫ్రేములు, మెష్‌లు లైన్ బయటే తయారుచేసి తేవడం మరొకటి.

క్రేన్ విషయంలో ‘60 శాతమే వాడుతున్నాం, ఇంకా బోలెడు ఖాళీ’ అన్న మాట జాగ్రత్తగా వినాలి. పిలుపులు ఎప్పుడు వస్తాయో తెలియని పరిస్థితిలో, ఒక్కో ఎత్తుడుకు సగటున 6 నిమిషాలు పడితే, 60 శాతం వాడకం దగ్గర ఎదురుచూపు సగటున 9 నిమిషాలు, 80 శాతం దగ్గర 24, 90 శాతం దగ్గర 54. ఇది పాఠ్యపుస్తకపు క్యూ లెక్క. ఫ్యాక్టరీలో ఎదురుచూసేవాళ్లు పరిమితం కనుక అంకెలు ఇంత ఘోరంగా ఉండవు, కానీ వంపు ఇలాగే ఉంటుంది. రెండో క్రేన్ అడిగే ముందు, టిల్టింగ్ టేబుల్ పిలుపుకు ముందుస్థానం ఇచ్చి, యార్డ్ పనులను భోజన వేళకూ షిఫ్టు చివరికీ నెట్టి మోడల్ నడపండి.

మనుషులను పెంచే ప్రయోగం ఆఖరున చేయండి. ఒక స్టేషన్ వేగం పెరిగితే లైన్‌ను వెనక్కి లాగే ఇరుకు మరోచోటికి జరుగుతుంది. షట్టరింగ్‌కు జట్టు పెంచాక మోడల్‌లో ఫినిషింగ్ ముందు వరుస పెరిగితే, ఆ రెండో ఇరుకు సంగతి కూడా తేల్చాకే మనుషుల్ని తీసుకోండి.

ఫ్లోర్ మీదికి

మోడల్ చెప్పిన మార్పుల్లో ఒక్కదాన్నే తీసుకుని రెండు వారాలు నడపండి. ముందే కాగితం మీద రాసి గోడకు అంటించండి: రోజుకు ఎన్ని ప్యాలెట్లు వస్తాయని మోడల్ చెప్పింది, ఎంత తేడాతో, ఛాంబర్ ఎంత నిండుతుందని చెప్పింది. వరుస మార్చిన మొదటి రెండు మూడు రోజులు అంకెలు పడిపోతాయి, జట్లకు అలవాటు కావాలి. ఆ రోజులను లెక్కలోకి తీసుకోకండి. అనుకున్నది రాకపోతే మళ్లీ నాలుగు వేళల షీట్ పట్టుకుని ఆ ఒక్క స్టేషన్ దగ్గరే నిలబడాలి. మార్పు తర్వాత పని చేసే తీరే మారి ఉంటుంది, పాత సమయాలు పనికిరావు.

ఒక ఇళ్ల ప్రాజెక్టుకు కొలిచిన సమయాలు మరో ప్రాజెక్టుకు నేరుగా సరిపోవు, కానీ ప్యానెల్ స్వభావంతో కట్టిన సూత్రాలు సరిపోతాయి. కిటికీకి 5 నిమిషాలన్నది ఏ ఇంటికైనా అంతే. అందుకే కొత్త డ్రాయింగ్‌లు వచ్చిన రోజే ప్యానెళ్ల జాబితాను మోడల్‌లో నడపండి. ఫలానా మెట్ల పక్క గోడ ఒక్కటే లైన్‌ను 40 నిమిషాలు ఆపుతుందని తేలితే, డిజైనర్‌తో మాట్లాడి దాన్ని రెండు ముక్కలు చేయించడానికో, లైన్ బయట విడి టేబుల్ మీద పోయడానికో అప్పుడైతే వీలుంటుంది. షట్టర్లు తయారై వచ్చాక ఆ మాట చెబితే వినేవాళ్లుండరు.